ప్లగిన్ నిర్మాణంలో వివిక్త పరిసరం: క్యూజీఐఎస్ ఆధారంగా ఒక చారిత్రక పరిశీలన

ప్లగిన్ స్వతంత్రంగా నడిచే ప్రోగ్రామ్ కాదు. మరొక సాఫ్ట్‌వేర్‌లో చేరి, దాని లైబ్రరీలను వాడుకుంటూ, దానికి కొత్త పనిని చేర్చే అనుబంధం. వివిక్త పరిసరాల చరిత్రను సాధారణంగా 1979 నాటి యూనిక్స్ ఏడవ కూర్పులోని ‘సీహెచ్‌రూట్’తో మొదలుపెట్టి, వేర్పాటు క్రమంగా పెరిగిన కథగా చెబుతారు. ప్లగిన్ల విషయంలో ఈ కథనం నిలవదు.

‘సీహెచ్‌రూట్’ ఒక ప్రాసెస్‌కు కనిపించే మూల డైరెక్టరీని మారుస్తుంది. 1982లో బిల్ జాయ్ దీన్ని బీఎస్‌డీలో చేర్చింది భద్రత కోసం కాదనీ, కొత్త కూర్పును దాని సొంత ఫైళ్లతోనే నిర్మించి చూడటానికనీ మెక్‌కుసిక్ అంచనా. ఖైదు అనే భావన 2000లో ఫ్రీబీఎస్‌డీ ‘జైల్’తో స్థిరపడింది. తొలి ప్రయోజనం మాత్రం నిర్మాతదే.

పైథాన్‌లో ఇదే అవసరానికి 2007లో ఇయాన్ బికింగ్ ‘వర్చువల్‌ఎన్వ్’ను రూపొందించారు. మొదట్లో అది యంత్రంలోని లైబ్రరీలను లోపలికి రానిచ్చేది. 2011 నాటి 1.7 కూర్పు ఆ తలుపు మూసింది. 2012లో పైథాన్ 3.3తో వచ్చిన ‘వెన్వ్’ కూడా అదే పద్ధతిని అనుసరించింది. స్వతంత్ర ప్రోగ్రాములకు ఇది మేలే. అయితే పటాల సాఫ్ట్‌వేర్ క్యూజీఐఎస్‌కు ప్లగిన్ రాసేవారి సంగతి వేరు. వారికి కావలసిన ‘పైక్యూజీఐఎస్’ లైబ్రరీ ఆ సాఫ్ట్‌వేర్‌తోపాటే వస్తుంది. పూర్తిగా మూసిన పరిసరంలో అది దొరకదు. అందుకే లినక్స్‌లో వారు ‘సిస్టమ్ సైట్ ప్యాకేజెస్’ ఎంపికను ఎంచుకొని, మూసిన తలుపును మళ్లీ తెరవవలసి వస్తోంది.

2018లో వెలువడిన క్యూజీఐఎస్ 3.0 ఈ చరిత్రలో అసలైన మలుపు. పైథాన్ 2 నుంచి 3కు, క్యూటీ 4 నుంచి 5కు మారడంతో పాత ప్లగిన్లు తిరగరాస్తే తప్ప పనిచేయలేదు. అదే కూర్పు ‘యూజర్ ప్రొఫైళ్ల’ను తెచ్చింది. ప్రతి ప్రొఫైల్‌కూ సొంత అమరికలు, సొంత ప్లగిన్ల ఫోల్డర్ ఉంటాయి. రోజువారీ పటాల పనికి ఒకటి, పరీక్షకు ఒకటి పెట్టుకుంటే సగం రాసిన ప్లగిన్ అసలు పనిని చెడగొట్టే ప్రమాదం చాలావరకు తప్పుతుంది. కానీ రెండు ప్రొఫైళ్లకూ పైథాన్ ఒక్కటే. లైబ్రరీ కూర్పుల ఘర్షణను ప్రొఫైల్ తీర్చలేదు; ఈ తేడాను చాలామంది గుర్తించరు.

పరిశోధకులకు ఇది కేవలం సాంకేతిక వివరం కాదు. 2.18 కూర్పులో ఒక ప్లగిన్‌తో చేసిన గణనను నేడు సరిచూడాలంటే ఆ ప్లగిన్ మూలపాఠం ఒక్కటే చాలదు; ఆనాటి క్యూజీఐఎస్, పైథాన్ 2, వాటి లైబ్రరీలు కూడా కావాలి. 2013లో వెలువడిన డాకర్ వంటి కంటైనర్లు ఆతిథేయి సాఫ్ట్‌వేర్‌ను సైతం ప్లగిన్‌తోపాటు ఒకే చోట బంధించి ఉంచగలవు. తెరలేని సర్వర్‌పై దాన్ని నడపడానికి ‘ఎక్స్‌వీఎఫ్‌బీ’ అనే కల్పిత తెరను కూడా ఆ కంటైనర్‌లోనే అమరుస్తారు.