కాటా చిట్టీ నుంచి సంతకం దాకా

మా నాయిన షక్కర్‌నగర్ ఫ్యాక్టరీలో చెరుకు కాటా దగ్గర గుమాస్తా. బండి నిండుగా ఒకసారి, ఖాళీగా ఒకసారి తూకమెక్కేది. రెండింటి తేడా రైతు చిట్టీ మీద పడేది. సీజన్లో రాత్రి డ్యూటీ దిగి వస్తే ఆయన వేళ్లకు కార్బన్ కాగితం నీలం, బట్టలకు మొలాసిస్ వాసన అంటుకుని వుండేవి. పనికిరాని చిట్టీల వెనకవైపే నేను కూడికలు, తీసివేతలు నేర్చుకున్నాను. అమ్మకు చదువు రాదు. కానీ పాల లెక్క, వాడకట్టు చీటీల లెక్క, వేరేవాళ్ల కార్డు మీద తాను చుట్టిన బీడీల లెక్క అన్నీ ఆమె నోటి మీదే వుండేవి. ఆమె లెక్క తప్పగా నేను చూడలేదు. ఏ కాగితం మీదా ఆమె సంతకం కూడా చూడలేదు.

చార్టర్డ్ అకౌంటెంటునై పాతికేళ్లు దాటింది. ఆడవాళ్ల చరిత్రలు రాసే మిత్రులు డాక్టర్ల గురించి, టీచర్ల గురించి, వకీళ్ల గురించి రాశారు. మా వృత్తి ఎవరికీ కథావస్తువుగా కనిపించదు. అంకెలంటే అందరికీ విసుగే మరి. అందుకే నేనే మొదలుపెడుతున్నాను.

నిజాంసాగర్ పని 1923లో మొదలై 1931లో పూర్తయింది. మంజీర నీళ్లొచ్చాక చెరుకు వచ్చింది. కోస్తా జిల్లాల రైతులు వచ్చి క్యాంపులు కట్టుకున్నారు. 1937లో నిజాం షుగర్ ఫ్యాక్టరీ ఏర్పడింది. అప్పటి హైదరాబాద్ రాజ్యానికి సొంత కంపెనీల చట్టం వుండేది, 1320 ఫసలీ నాటిది. దఫ్తరు భాష ఉర్దూ. ఫసలీ సంవత్సరం ఆజూర్ నెలతో, అంటే మన అక్టోబరు మొదటి వారంలో మొదలయ్యేది. చక్కెర పరిశ్రమ ఇప్పటికీ తన సీజన్‌ని అక్టోబరు నుంచి సెప్టెంబరు దాకానే లెక్కేసుకుంటుంది. ఏప్రిల్‌తో మొదలయ్యే ఆర్థిక సంవత్సరం కన్నా ఆ పాత లెక్కే చెరుకుకు దగ్గరగా వుందని నాకెప్పుడూ అనిపిస్తుంది.

ఇటు రాజ్యంలో సంగతి ఇది. అటు బ్రిటిష్ ఇండియాలో 1913 కంపెనీల చట్టం వచ్చాక, కంపెనీ లెక్కలు తనిఖీ చేయాలంటే ప్రభుత్వ సర్టిఫికెట్ వుండాలన్నారు. 1918లో బొంబాయిలో గవర్నమెంట్ డిప్లొమా ఇన్ అకౌంటెన్సీ, అంటే జి.డి.ఏ. మొదలైంది. పరీక్ష ఒక్కటే చాలదు, గుర్తింపు పొందిన అకౌంటెంటు దగ్గర శిష్యరికం కూడా చేయాలి. 1932 నిబంధనలతో ‘రిజిస్టర్డ్ అకౌంటెంట్’ అన్న పేరు వచ్చింది. ఈ గుమ్మాలన్నీ మగవాళ్ల కొలతకే కట్టారు. ఆడవాళ్లు రావద్దని రాయలేదు, వస్తారని అనుకోలేదు.

అట్లా వచ్చిన మొదటి మనిషి ఆర్. శివభోగం. 1907లో మద్రాసులో పుట్టింది. క్వీన్ మేరీస్ కాలేజీలో చదివింది. సిస్టర్ సుబ్బలక్ష్మి ప్రభావంలో పెరిగింది. స్వాతంత్య్రోద్యమంలోకి దిగి ఏడాది జైల్లో వుంది. అకౌంటెన్సీ చదవాలన్న ఆలోచన జైల్లోనే పుట్టిందంటారు. 1933లో జి.డి.ఏ. పాసయింది. దేశంలో ఆ పరీక్ష నెగ్గిన మొదటి స్త్రీ ఆమే. అయితే జైలుకెళ్లొచ్చిన వాళ్లు అకౌంటెంట్లుగా రిజిస్టర్ కాకూడదన్న నిబంధన అడ్డం వచ్చింది. ఆమె కోర్టుకెక్కి గెలిచింది. 1937లో సొంతంగా ప్రాక్టీసు పెట్టింది. బోధన్‌లో ఫ్యాక్టరీ పుట్టిన ఏడే అది! ఈ రెంటికీ ఏ సంబంధమూ లేదు. అయినా నా లెక్కల పుస్తకంలో ఒకే పేజీలో రాసుకున్నాను.

ఆమెను ఆపింది ఆడమనిషన్న కారణం కాదు, ఖైదీ అన్న కారణం. వేరే దేశాల్లో మొదటి కారణమే చాలింది. న్యూయార్క్‌లో క్రిస్టీన్ రాస్ 1898లో సి.పి.ఏ. పరీక్ష రాసింది. ఆడమనిషికి సర్టిఫికెట్ ఇవ్వొచ్చా అని అధికారులు తర్జనభర్జన పడి, 1899 డిసెంబరులో గానీ చేతికివ్వలేదు. ఇంగ్లండులో మేరీ హారిస్ స్మిత్ 1890ల మొదట్లో దరఖాస్తు పెట్టింది. లింగ వివక్షను తొలగించే చట్టం 1919లో వచ్చాక, 1920లో సభ్యత్వం దొరికింది. అప్పటికి ఆమెకు డెబ్భై దాటాయి.

మనకు స్వతంత్రం వచ్చాక చార్టర్డ్ అకౌంటెంట్ల చట్టం 1949 జూలై 1 నుంచి అమల్లోకి వచ్చింది. ఎనిమిదో సెక్షన్ చదివితే శివభోగం గుర్తొస్తుంది. నైతిక పతనంతో కూడిన నేరానికి శిక్ష పడితే సభ్యత్వానికి అనర్హత అని వుంది అందులో. ఉప్పు చట్టాన్ని ధిక్కరించినవాళ్లు ఆ మాట కిందికి రారు. జైలు ఒక్కటే మచ్చ కాదని కొత్త రాజ్యం ఒప్పుకుందన్నమాట. కానీ ఇంగ్లీషు వాక్యాలన్నిట్లో ‘అతడు’, ‘అతని’ అనే వుంది. పుంలింగంలో స్త్రీలూ చేరతారని 1897 నాటి జనరల్ క్లాజెస్ చట్టం చెప్పిందట, సరే. 1955 నుంచి 1958 దాకా ఇన్‌స్టిట్యూట్ దక్షిణ ప్రాంతీయ మండలికి శివభోగం అధ్యక్షురాలు. నిజామాబాద్ ఇప్పుడు ఆ మండలి కిందే వుంది. ఆమె 1966లో పోయింది. ఆమె పేరిట ఆడపిల్లలకు బహుమతి వుందని పరీక్షలు రాసే రోజుల్లో చదివాను. నాకు రాలేదు లెండి, గట్టెక్కడమే గగనమైంది.

1991లో బి.కాం. అయ్యాక ఆర్టికల్స్ కోసం నిజామాబాద్‌లో తిరిగాను. అప్పుడు డిగ్రీ అయినవాళ్లకు మూడేళ్లు. ఒకప్పుడు శిష్యులే గురువుకు ప్రీమియం కట్టేవాళ్లట, మా కాలానికి కొద్దిపాటి స్టైపెండ్ ఇచ్చేవాళ్లు. మొదటి ఆఫీసులో సారు, “స్టాక్ లెక్కవెట్టనీకి రాత్రి గోదాముకు పంపాలె, ఆడివిల్లను ఎట్ల పంపుత?” అన్నాడు. రెండో చోట ఖాళీ లేదన్నారు. వారం తర్వాత అక్కడే ఒక అబ్బాయి చేరాడు. మూడో చోట, మూడేళ్లు పెళ్లి చేయమని తండ్రి రాసిస్తే చూద్దామన్నారు. ఆ నిబంధన ఏ చట్టంలోనూ లేదు.

నాయిన చదువు ఉర్దూ మీడియం. తెలుగులో సంతకం చేస్తాడు గానీ ఉత్తరం రాయలేడు. ఆయన నిండు పేజీ ఉర్దూలో రాసి ఇచ్చాడు. సారుకు ఉర్దూ రాదు. కాసేపు అటూ ఇటూ తిప్పి చూసి ఫైలులో పెట్టుకున్నాడు. తిరుగుబస్సులో, “ఏం రాసినవ్ నాయినా?” అనడిగితే, “నా బిడ్డ లెక్క తప్పదని రాసిన. పెండ్లి సంగతి నాకు తెల్వదు, ఆమెనే అడుగుండ్రి అని రాసిన” అన్నాడు. 103 నంబరు ఫారం మీద రిజిస్టరయింది ఆ ఉత్తరం బలంతోనే.

మాతో చేరిన ఇంకో అమ్మాయి నాకన్నా చురుకైనది. రెండో ఏట పెళ్లయి భర్త వూరికి పోయింది. విడుదల కాగితంలో కారణం ‘వ్యక్తిగతం’ అని రాశారు. ఇన్‌స్టిట్యూట్ రికార్డుల్లో అట్లాంటి వ్యక్తిగతాలు ఎన్ని వున్నాయో ఎవరైనా పరిశోధన చేస్తే బాగుండును.

ఆ ఏడే ఒక చక్కెర మిల్లు ఆడిట్‌కు పోయాం. ఆడవాళ్లకు బాత్రూం లేదు. పొద్దున నీళ్లు తాగకుండా పోయి, సాయంత్రం తలనొప్పితో వచ్చేదాన్ని. నా వంతుకు చెరుకు నరికేవాళ్ల అడ్వాన్సుల ఖాతా వచ్చింది. మరాఠ్వాడా నుంచి వచ్చే కూలీలను జోడీగా లెక్కేస్తారు. అక్కడ ‘కోయిత’ అంటారు. అంటే కత్తి. మొగుడూ పెళ్లాం కలిసి ఒక కత్తి. ఖాతాలో ఒకే పేరు, మగమనిషిది. అతను నరుకుతాడు, ఆమె ఏరి మోపులు కట్టి బండికెత్తుతుంది. “రెండో మనిషి పేరేది?” అనడిగాను. “వోచరుంది, వేలిముద్రుంది, టిక్కు పెట్టు,” అన్నాడు సీనియర్. పెట్టాను. పేజీలకు పేజీలు పెట్టాను. చెరుకు ఒప్పందాల ఫైలూ అంతే, పట్టాదారు పేర్ల మీదే. రైతుకు 14 రోజుల్లో డబ్బివ్వాలని 1966 చెరుకు నియంత్రణ ఉత్తర్వు చెప్తుంది. ఆ రైతుల్లో ఆడపేర్లు వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు.

పరీక్షల గోల పెద్దగా చెప్పను. పేపరుకు నలభై, గ్రూపు మొత్తం మీద యాభై శాతం రావాలి. అన్నిట్లో నలభై దాటి మొత్తం మీద తప్పడం ఎంత బాధో ఆ దెబ్బ తిన్నవాళ్లకే తెలుసు. నేను రెండుసార్లు తిన్నాను, రెండోసారి కడుపుతో వున్నాను. పాసయ్యాక కూడా రెండు మెట్లున్నాయి. సభ్యత్వం వేరు, ప్రాక్టీసు సర్టిఫికెట్ వేరు. సభ్యత్వం తీసుకుని ప్రాక్టీసు తీసుకోని ఆడవాళ్లు నాకు చాలామంది తెలుసు. సంసారంలో కూడా మనది సభ్యత్వమే కదా, అని ఒకావిడ నవ్వింది.

2002లో ఫ్యాక్టరీ ప్రైవేటు చేతికిపోయింది. 2015 డిసెంబరులో లేఆఫ్ ప్రకటించారు. 2019లో లిక్విడేషన్‌కు ఆదేశం వచ్చింది. కాటా ఆగిపోవడం నాయిన చూసిపోయాడు. అమ్మ విషయం వేరు. తెలంగాణ వచ్చాక బీడీ కార్మికులకు నెలనెలా భృతి ఇస్తామని, పీఎఫ్‌లో పేరుండాలని అన్నారు. వేరేవాళ్ల కార్డు మీద చుట్టిన అమ్మకు పీఎఫ్ ఎక్కడిది? “నీకు ఇన్ని లెక్కలొచ్చు గదా బిడ్డా, నా పేరు యాడుందో చూడు,” అంది. చూశాను. ఎక్కడా లేదు.

2023 నుంచి ఆర్టికల్స్ రెండేళ్లకు తగ్గించారు. నా దగ్గర ఇప్పుడు నలుగురు వున్నారు, ముగ్గురు అమ్మాయిలు. తండ్రుల ఉత్తరాలు అడగను. పోయిన సీజన్లో ఒక మిల్లు కూలీల ఖాతా చూస్తూ వర్ని దగ్గర వూరి పిల్ల లేచొచ్చి, “మేడం, జోడీ అని వుంది, ఒక్క పేరే వుంది,” అంది. ప్రశ్నల కాగితంలో రాయమన్నాను. రాసింది. మిల్లువాళ్ల జవాబు ఒక్క ముక్కలో వచ్చింది: ‘రివాజు ప్రకారం’. ఆ పిల్ల దాని కిందే మళ్లీ అదే ప్రశ్న రాసి పంపింది. ఇంకా జవాబు రాలేదు.