అమ్మ కమ్మలు

మా ప్రొద్దుటూరు బంగారు అంగళ్లలో పాత నగ మార్చాలంటే ముందు రాళ్లు ఊడదీస్తారు. రాళ్ల బరువు పోగా మిగిలిన బంగారానికే లెక్క. పాప పెళ్లికి గొలుసు చేయించాలని మా అమ్మ ఎర్రరాళ్ల కమ్మలు తీసుకుపోయాను. నా బి.ఏ. ఫీజు కోసం కుదువ పెట్టి, మళ్లీ విడిపించుకున్న కమ్మలవి.

"ఇవి కెంపులు కాదమ్మా, గాజురాళ్లు" అని కాగితంలో చుట్టి చేతికిచ్చారు. అమ్మ చివరిదాకా కెంపులనే అనుకుంది.

మా సీమలో రాళ్ల బేరం ఈనాటిది కాదు. జమ్మలమడుగు దగ్గర, పెన్నేరు కొండను చీల్చుకుని పారే గండి పైన గండికోట ఉంది కదా. 1652లో ఫ్రెంచి రత్నాల వ్యాపారి టావెర్నియే అక్కడికి వచ్చాడు. కోటను గెలిచిన గోల్కొండ సేనాని మీర్ జుమ్లాకు తన సరుకు చూపించడానికి వచ్చాడు. మీర్ జుమ్లాదీ వజ్రాల వ్యాపారమే. ఇద్దరూ రాయిని చూసి వెల కట్టగలవాళ్లే. టావెర్నియే ఆ ప్రయాణాల పుస్తకం 1676లో అచ్చయింది. అందులో వజ్రాల తూకాలున్నాయి, వెలలున్నాయి.

అమ్మ రాళ్లకు ఆ ఇద్దరూ వెల కట్టి ఉండేవాళ్లు కాదు. ఆ తూకంలో నా చదువు పడదు.

ఇప్పుడవి కుంకుమ భరిణెలో ఉన్నాయి. మొన్న పాప మూత తీసి, "అవ్వ కెంపులా అమ్మా?" అంది.

ఔనన్నాను.