నిలవనీటిలో గాలి నడక

వేసవిలో తెల్లవారుజామున చేపల చెరువు గట్టుమీదికి వెళితే, చేపలన్నీ పైకి తేలి నోళ్లు తెరుచుకుని వుండటం మీలో కొందరైనా చూసే వుంటారు. పైన ఆకాశమంతా గాలే గదా, ఆ గాలి నీళ్లలోకి దిగటానికి అడ్డేమిటి? అడ్డేమీ లేదు, దిగుతుంది. కాని దాని నడక నత్తనడక కన్నా కనాకష్టం. ఆ నడక యెంతో సరిగా కొలవటానికి శాస్త్రజ్ఞులకు నూరేళ్లు పట్టింది. యీ పూట ఆ కథ చెప్పుకుందాం.

నీటిలో కరిగినది ఏదైనా, చిక్కగా వున్నచోటినుంచి పలచగా వున్నచోటికి తనంతట తానే పాకిపోతుంది. దీన్నే వ్యాపనం అంటారు. గ్లాసు అడుగున బెల్లంముక్క వేసి కదపకుండా వుంచితే, తీపి పైకి రావటానికి యెంతసేపు పడుతుందో మీకు తెలుసు. కొలతలు కూడా మొదట ఉప్పుతోనే మొదలైనాయి. థామస్ గ్రేహం అనే స్కాట్లండు రసాయన శాస్త్రజ్ఞుడు ఉప్పునీళ్ల సీసాను పెద్ద నీళ్లజాడీలో వుంచి, రోజుల తరబడి కదలనివ్వక, బయటికి వచ్చిన ఉప్పెంతో చూసి, 1850లో ఆ ఫలితాలు ప్రకటించాడు.

1855లో అడాల్ఫ్ ఫిక్ అనే పాతికేళ్ల వైద్యుడు దీనికి లెక్క కట్టాడు. ఇనపకడ్డీలో వేడి యెట్లా పాకుతుందో, నీటిలో ఉప్పూ అట్లాగే పాకుతుందన్నాడు. ఆ లెక్కలో అసలు కీలకం ఒకటుంది: దూరం రెట్టింపైతే పట్టే కాలం నాలుగురెట్లవుతుంది. యిప్పటి కొలతల ప్రకారం, 25 డిగ్రీల వెచ్చదనం వున్న నిలవనీటిలో ప్రాణవాయువు ఒక సెంటీమీటరు పాకటానికి సుమారు 6, 7 గంటలు కావాలి. రెండు సెంటీమీటర్లకు ఒక పగలూ ఒక రాత్రీ. మరి మీటరు లోతుకు? ఏడేళ్ల పైచిలుకు! గాలిలో పాకినంత సులువుగా నీటిలో పాకలేదు. పదివేల వంతుల్లో ఒక వంతే.

వాయువులను కొలవటంలో పెద్ద చిక్కు నీటితోనే వచ్చింది. పాత్ర ఒక ప్రక్క కాస్త వెచ్చబడితే చాలు, నీరు లోలోపల తిరిగి వాయువును మోసుకుపోతుంది. బొగ్గుపులుసు వాయువు కరిగిన నీరైతే మామూలు నీటికంటే బరువు, తనే అడుగుకు జారుతుంది. అప్పుడు కొలిచేది వ్యాపనాన్ని కాదు, ఆ కదలికను. దీనికి ఒక్కొక్కరు ఒక్కొక్క ఉపాయం పన్నారు. 1875లో ఆస్ట్రియా దేశస్థుడు ఫ్రాంజ్ ఎక్స్‌నర్, పిల్లలు వూదే బుడగవంటి సబ్బునీటి పొరను గొట్టంలో అడ్డంగా నిలిపి, దానిగుండా వాయువులు దాటటం గమనించాడు. నీటిలో యెక్కువగా కరిగే వాయువే యెక్కువగా దాటింది. 1897లో జర్మనీలో హ్యూఫ్నర్, నీరు పీల్చుకునే ఒక రకం రాతిపలకను తడిపి వాడాడు. రాతి సందుల్లో చిక్కిన నీరు యెక్కడికని తిరుగుతుంది! నా మటుకు యీ ఉపాయమే ముచ్చటైనది.

యెండకు నీరు కాగితే వాయువు చురుగ్గా పాకుతుందిగా, వేసవి మేలే గదా అని మీరడగవచ్చు. పాకే మాట నిజమే. 10 డిగ్రీల నుంచి 30 డిగ్రీలకు పోతే వ్యాపనం ఒకటిన్నర రెట్లు దాటుతుంది. అయితే, 10 డిగ్రీల వద్ద లీటరు నీరు 11.3 మిల్లీగ్రాముల ప్రాణవాయువును పట్టివుంచుతుంది. 30 డిగ్రీల వద్ద పట్టేది 7.6 మాత్రమే. బండి వేగం పెరిగింది, బస్తాలు తగ్గినాయి. డెన్మార్కుకు చెందిన ఆగస్ట్ క్రోగ్ 1919లో జంతువుల కండపొరలతో కొలిచి, డిగ్రీకి సుమారు నూటికి ఒక వంతు చొప్పున మాత్రమే లాభమని చెప్పాడు. నీటికి లెక్కవేసినా దాదాపు అంతే. చేపకు కావలసిన ప్రాణవాయువు మాత్రం 10 డిగ్రీలు పెరిగితే యించుమించు రెట్టింపవుతుంది. కాబట్టి చెరువులో చక్రాలు తిప్పి నీళ్లు చిలికే ఏరేటర్లు చేసే పనిని వ్యాపనం ఒక్కటే చేయలేదు.

యిదే లెక్క వరిమడికి పట్టించి చూడండి. అయిదు సెంటీమీటర్ల నీరు కదలక నిలిస్తే, పైగాలి నేలను చేరటానికి వారం పడుతుంది. వేళ్లు బ్రతికేదెట్లా? అప్పటి మద్రాసు రాజధానిలో, కోయంబత్తూరులో హారిసన్, సుబ్రహ్మణ్య అయ్యరు అనే యిద్దరు 1913, 1914 సంవత్సరాలలో వరినేలలోని వాయువులను గురించి తమ పరిశోధనలు ప్రకటించారు. బురదమీద పేరుకునే పాచిపొర అక్కడికక్కడే ప్రాణవాయువును తయారు చేస్తున్నదనీ, నీరు మెల్లగా లోనికి ఇంకితే ఆ వాయువు వేళ్లవద్దకు చేరుతుందనీ వారు చూపారు. రెండో దారి వరిలోనే వుంది. దాని కాడల్లో, వేళ్లలో సన్నని గాలిగొట్టాలున్నాయి. ఆకులవద్దనుంచి వేరుకొనదాకా ప్రాణవాయువు నీటిలో కాక గాలిలోనే పాకుతూ వస్తుంది.