నూకాలమ్మ పేరు వెనక

నూకరాజు, నూకరత్నం, నూకాలు — విశాఖ వైపు కుటుంబాలలో ఈ పేర్లు మీరు వినే ఉంటారు. నాటుగా ఉన్నాయని ఈమధ్య పిల్లల్ని బడిలో వేసేటప్పుడు మార్చేస్తున్నారు. మార్చేముందు ఆ పేరు ఎక్కణ్ణించి వచ్చిందో కాస్త వినండి.

కొండకర్ల ఆవలో తాటిదోనె ఎక్కి పక్షుల్ని చూసినవారికి అనకాపల్లి ఎంతో దూరం కాదు. అక్కడ గవరపాలెంలో ఉంది నూకాలమ్మ గుడి. స్థలపురాణం ప్రకారం, ఆ ప్రాంతాన్నేలిన కాకర్లపూడి అప్పలరాజు పాయకరావు తమ ఇలవేల్పుగా అమ్మవారికి గుడి కట్టించాడు. అప్పుడామె పేరు కాకతాంబిక. కాకతి అనే శక్తి పేరుమీదే ఓరుగల్లు రాజులు కాకతీయులయ్యారని ఒక పాత వ్యాఖ్యాత రాశాడు కదా, ఈమె ఆమేనా అని అడుగుతారేమో! పేరు కలిసినంత మాత్రాన చుట్టరికం కలపకూడదు.

సంస్థానం చేతులు మారింది, రాజులు పోయారు. అమ్మవారు మాత్రం జనం నోట నూకాలమ్మగా నిలిచింది. బోర్డుల మీద ఇప్పుడు నూకాంబిక అని రాస్తారు. వినడానికి గంభీరంగానే ఉంది గాని, మొక్కుకునే తల్లి మాత్రం "నూకాలమ్మా!" అనే పిలుస్తుంది.

ఉగాదికి ముందురోజు కొత్త అమావాస్య. ఆనాడు మొదలైన జాతర నెల్లాళ్ళు, చైత్ర అమావాస్య దాకా సాగుతుంది. పసుపు కుంకాలు, చీర, గాజులు, తలనీలాలు, కోళ్ళు — ఎవరి మొక్కు వారిది. కడుపు పండితే అమ్మ పేరు పెట్టుకుంటామన్న మొక్కు వీటన్నిటికన్నా పెద్దది. రాజు గుడి కట్టించిన సంగతి స్థలపురాణం చెబుతుంది. ఏ ఇల్లాలు ఏ కష్టంలో మొక్కుకుందో ఏ పుస్తకంలోనూ లేదు, బిడ్డ పేరులో తప్ప.

గ్రామదేవతల పూజంతా మశూచి భయమేనని తేల్చేసేవారున్నారు. భయం నిజమే, జబ్బు పేరెత్తకుండా "అమ్మవారు పోసింది" అనేవారు మన పెద్దలు. కాని మన దేశంలో ఆఖరి మశూచి కేసు 1975లో వచ్చింది. 1980లో ప్రపంచంలోనే ఆ జబ్బు లేదని ప్రకటించారు. జాతరకు జనం తగ్గారా? లేదే! భయమొక్కటే అయితే ఎప్పుడో మానేసేవారు.

మీ అత్తవారి ఊళ్ళో అమ్మవారి పేరేమిటి? ఆ పేరు ఇంట్లో ఎవరికి, ఎందుకు పెట్టారు? పెద్దావిడ ఉండగానే అడిగి ఓ కాగితం మీద రాసిపెట్టుకోండి.