ఐదో బూరె

పిన్ని నీ విస్తరి ముందుకొచ్చి ఆగుతుంది. ఒక చేతిలో బూరెల గిన్నె, ఇంకో చేతిలో నెయ్యి. వద్దనడానికి చెయ్యి అడ్డం పెట్టేలోపే బూరె పడిపోయింది. గరిట కొసతో దాని నడినెత్తిన చిల్లు పొడిచి నెయ్యి పోసేస్తుంది. "ఒక్కటేగా తల్లీ. మరీ అంత నోరు కట్టేసుకుంటే ఎలా?"

తెనాలిలో కల్యాణ మండపం. మధ్యాహ్నం ఒంటిగంట దాటింది. విస్తట్లో పులిహోర, ముద్దపప్పు, దప్పళం. బూరె సగం తింటావు. బాగుంది. యాలకుల వాసన, వేడి పూర్ణం, నెయ్యి. ఇందులో భయపడాల్సిందేమీ లేదు. సగం వదిలేసి లేవగలవు కూడా.

అప్పుడు ఎదుటి వరసలోంచి ఒక గొంతు. "అయ్యో, ఇంత చిక్కిపోయావేంటే? సుగరేమైనా వచ్చిందా?" పక్కనున్నావిడ అందుకుంటుంది. "ముఖంలో కళే పోయింది. లావుగా ఉన్నప్పుడే బాగుండేదానివి."

నవ్వుతావు. ఇంకేం చేస్తావు? ఏడు నెలలు తెల్లవారుజామున ఐదున్నరకి లేచి నడిచావు. అన్నం రెండు గరిటెల నుంచి ఒక గరిటెకి తెచ్చావు. 82 కిలోల నుంచి 71కి దిగావు. ఈ పెళ్లికని జాకెట్లు రెండుసార్లు కుట్టు వేయించావు. ఎవరో ఒకరు "బాగున్నావు" అంటారని ఎదురు చూశావు. వాళ్లది ప్రేమే, నీకూ తెలుసు. అయినా ముద్ద గొంతు దిగడం లేదు.

చెయ్యి కడుక్కోవడానికి లేస్తావు. రెండు కుర్చీల మధ్య నుంచి వెళ్లాలి. పొట్ట లోపలికి పీల్చి, పక్కకి తిరిగి, ఒదిగి దాటుతావు. వెనక్కి చూస్తే అక్కడ ఇద్దరు పట్టేంత చోటుంది. దిగిపోయిన 11 కిలోలని మనసు ఇంకా మోస్తూనే ఉంది.

బయల్దేరేటప్పుడు పిన్ని స్టీలు క్యారియర్ చేతిలో పెడుతుంది. "పిల్లలకి." లోపల ఎనిమిది బూరెలు.

*

రాత్రి 11:40. విజయవాడలో మీ ఇల్లు. అందరూ పడుకున్నారు. నీకు నిద్ర పట్టడం లేదు. "కళే పోయింది" అన్న మాట చెవిలో తిరుగుతోంది. దాని వెనకాలే వంటగది గట్టు మీదున్న క్యారియర్ గుర్తొస్తోంది. ఆ మాట, ఈ క్యారియర్. మళ్లీ ఆ మాట, మళ్లీ క్యారియర్.

ఈమధ్య ఎప్పుడూ ఇంతే. ఆఫీసులో మధ్యాహ్నం డబ్బా తినేసి, ఫోన్లో వంటల వీడియోలు చూస్తూ కూర్చుంటున్నావు. చేసుకోవు, తినవు, ఊరికే చూస్తావు. నాకేమైనా పిచ్చా అని ఒకటి రెండుసార్లు అనిపించింది కూడా. కాదు. 1944-45లో అమెరికాలోని మిన్నెసోటా విశ్వవిద్యాలయంలో 36 మంది ఆరోగ్యంగా ఉన్న కుర్రాళ్లు, యుద్ధంలో ఆకలికి మాడిన వాళ్లని ఎలా కోలుకునేలా చేయాలో తెలుసుకోవడం కోసం, తమంతట తాము ఒప్పుకుని 24 వారాలు అర్ధాకలితో గడిపారు. వాళ్లూ వంటల పుస్తకాలు ముందేసుకుని కూర్చునేవాళ్లు. పళ్లేలు నాకేవాళ్లు. చిన్నదానికే విసుగు, ఊరికే దిగులు. వాళ్ల కష్టం నీదానికంటే చాలా పెద్దది, కానీ దారి ఒకటే. కొవ్వు కణాలు లెప్టిన్ అనే హార్మోన్‌తో మెదడుకి కబురు పంపుతుంటాయి. కొవ్వు తగ్గితే ఆ కబురు సన్నగిల్లుతుంది. గాదెలో గింజలు అయిపోతున్నాయి, కరువొచ్చింది అనుకుంటుంది మెదడు. నువ్వు కావాలనే తగ్గావని దానికెవరు చెప్తారు? అందుకే తిండి గుర్తు చేస్తుంది. పగలూ రాత్రీ గుర్తు చేస్తుంది. అది నీ బుద్ధి లోపం కాదు. ఈ మాట నీకు ఏడు నెలల కిందటే ఎవరైనా చెప్పుండాల్సింది.

లేస్తావు. కాళ్లకి గచ్చు చల్లగా తగులుతోంది. దీపం వెయ్యవు. ఫ్రిజ్ తలుపు కొంచెం తెరిస్తే ఆ వెలుతురు చాలు. క్యారియర్ మూత తిప్పుతావు, చప్పుడు కాకుండా, మెల్లగా.

మొదటి బూరె. చల్లారి గట్టిపడింది. అయినా తీపి.

రెండోది. మొదటిది అయిపోయిందో లేదో తెలీదు.

మూడోది నుంచునే తింటావు.

లోపల ఒక గొంతు. ఎలాగూ పోయింది. ఇవాళ్టికి పోయింది. తినేయ్. రేపట్నుంచి చూసుకుందాం.

నాలుగోది. రుచి తెలీడం లేదు.

ఐదోది చేతిలోకి వచ్చేసింది.

గదిలో మంచం కిర్రుమంది.

అడుగులు.

నమలడం ఆపుతావు. ఫ్రిజ్ తలుపు మూస్తావు. చీకటి. చెయ్యి కొంగు చాటుకి పోతుంది. గుండె చెవుల్లో కొట్టుకుంటోంది. సొంత వంటగదిలో, సొంత ఇంట్లో.

అడుగులు బాత్రూమ్ వైపు. నీళ్ల చప్పుడు. మళ్లీ వెనక్కి. మళ్లీ మంచం.

ఎవరూ చూడలేదు.

కొంగు చాటు నుంచి చెయ్యి తీస్తావు. బూరె నలిగింది. వేళ్లకి పూర్ణం అంటుకుంది. ఇప్పుడేం చేస్తావు?

ఆ గొంతు మళ్లీ వస్తుంది. ఎలాగూ పోయింది కదా. ఆ గొంతు నీ ఒక్కదానిదే కాదు. 1975లో పీటర్ హెర్మన్, డెబొరా మాక్ అనే మనస్తత్వ శాస్త్రజ్ఞులు కాలేజీ అమ్మాయిలకి ముందు మిల్క్‌షేక్ ఇచ్చి, తర్వాత ఐస్‌క్రీమ్ రుచి చూసి చెప్పమన్నారు. మామూలుగా తినేవాళ్లు కడుపు నిండింది కాబట్టి తక్కువ తిన్నారు. ఎప్పుడూ నోరు కట్టుకుని ఉండేవాళ్లే, మిల్క్‌షేక్ తాగాక మరీ ఎక్కువ తిన్నారు. కట్ట తెగింది, ఇక పోతే పోనీ. మిల్క్‌షేక్ ఒకటే, ఆ తర్వాత వచ్చిన ఆలోచనే వేరు.

నాలుగు బూరెలు పెళ్లి భోజనంలో మామూలు సంగతి. నిన్ను ఇంత దూరం లాక్కొచ్చింది బూరెలు కాదు. మధ్యాహ్నం మింగలేక మింగిన ఆ మాట.

దీపం వేస్తావు.

కళ్లు చికిలిస్తావు. గట్టు మీద మూడు బూరెలు, మూత, నెయ్యి మరకలు. ఇంతే. చీకట్లో ఇది ఇంకా పెద్దగా ఉండింది. ఐదోది క్యారియర్లో పెట్టేస్తావు. గ్లాసు నీళ్లు తాగి, అక్కడే స్టూలు మీద కూర్చుంటావు. అప్పుడొస్తుంది ఏడుపు. రానిస్తావు.

*

పొద్దున్న బరువు చూసే మిషన్ మీద అంకె 72.4. నిన్న 71.

కాళ్ల కింద నేల జారినట్టుంటుంది. ఏడు నెలల్లో ఒక నెల ఒక్క రాత్రిలో కరిగిపోయిందా? లెక్క చూడు. కిలో కొవ్వు పెరగాలంటే సుమారు 7,700 కేలరీలు అదనంగా తినాలి. కిలోన్నరకి దగ్గరగా పెరగాలంటే పదివేలు దాటాలి. పెళ్లి భోజనం, నాలుగు బూరెలు కలిపినా అంతుండదు. పిండి, తీపి ఎక్కువ తింటే ఒళ్లు దాన్ని గ్లైకోజన్‌గా దాచుకుంటుంది, ఒక్కో గ్రాముతో సుమారు మూడు గ్రాముల నీళ్లు పట్టి ఉంచుకుంటుంది. భోజనంలో ఉప్పు ఇంకాస్త పట్టి ఉంచుతుంది. మిషన్ చూపిస్తున్నది చాలావరకు నీళ్లే. నాలుగు రోజుల్లో అవే పోతాయి.

రాత్రి జరిగినట్టు వారం వారం జరుగుతుంటే, మూడు నెలలుగా చాటుగా, ఆపుకోలేక తింటూ తర్వాత సిగ్గుతో కుమిలిపోతుంటే, అప్పుడు సంగతి వేరు. అది జబ్బు, దానికి పేరుంది, వైద్యం ఉంది, మానసిక వైద్యుల దగ్గరికి వెళ్లాలి. నీకిది మొదటిసారి.

ఇడ్లీ కుక్కర్ విజిల్ లేకుండా బుసబుసలాడుతోంది. తినడం మానేసి రాత్రిది సరిచేయాలని ఒళ్లంతా అంటోంది. మానేస్తే సాయంత్రానికి మళ్లీ అదే ఆకలి, మళ్లీ అదే క్యారియర్. రెండు ఇడ్లీలు పళ్లెంలో వేసుకుంటావు. కుర్చీ లాక్కుని కూర్చుంటావు.

ఫోన్ మోగుతుంది. పిన్ని.

"పిల్లలు బూరెలు తిన్నారా?"

వాళ్లకి బాగా నచ్చాయని చెప్పేయొచ్చు. నాలుక చివరిదాకా వచ్చింది.

"పిల్లలింకా లేవలేదు పిన్నీ. నేనే తిన్నా. నాలుగు."

అవతల ఒక్క క్షణం ఏమీ లేదు. తర్వాత పిన్ని నవ్వు. "చల్లారిపోయుంటాయే. వేడి చేసుకున్నావా?"

"లేదు పిన్నీ." ఇడ్లీ ముక్క తుంపుతావు. "నిన్న వాళ్లు కళ పోయింది అన్నారు చూడు. అది చాలా బాధేసింది."

"నేనూ విన్నానమ్మా," అంటుంది పిన్ని. "చెప్పు."