కోలార్ వైరస్, మెదడు చుట్టూ ఉన్న గోడ



కోలార్ అనగానే మనకు బంగారు గనులు గుర్తొస్తాయి. మన ఆనేకల్ తెలుగువాళ్ళలో అటువైపు చుట్టరికాలు ఉన్నవాళ్ళూ తక్కువేం కాదు. అదే కోలార్ నుంచి బంగారం కంటే ఎక్కువ పనికొచ్చింది ఇంకొకటి బయటికి వెళ్ళింది. అది ఒక వైరస్. దాని కథ మన పిల్లలకు సంబంధించింది కాబట్టి కొంచెం ఓపికగా చదవండి.

మెదడువాపు వ్యాధి పేరు మనందరం విన్నదే. అందులో మన ప్రాంతాన్ని బాగా వేధించింది జపనీస్ ఎన్‌సెఫలైటిస్. వరిమళ్ళలో పెరిగే క్యూలెక్స్ దోమలు ఈ వైరస్‌ను కొంగల నుంచి, పందుల నుంచి మనుషులకు తెస్తాయి. మన దేశంలో దీన్ని మొదట 1955లో ఉత్తర ఆర్కాటు ప్రాంతపు పిల్లల్లో వెల్లూరు డాక్టర్లు గుర్తించారు. ఇప్పటి చిత్తూరు సీమలో చాలా భాగం 1911 దాకా ఆ ఉత్తర ఆర్కాటులోదే. 1970ల చివర్లో ఇది కోలార్, మండ్య జిల్లాలను పట్టుకుంది. వైరస్ సోకిన వాళ్ళలో ఎక్కువమందికి ఏమీ కాదు. మెదడుకు ఎక్కితే మాత్రం నూటికి 20 నుంచి 30 మంది చనిపోతారు. బతికినవాళ్ళలో మూడో వంతు నుంచి సగం దాకా ఫిట్స్, పక్షవాతం, మాట తడబడటం లాంటివి మిగిలిపోతాయి.

మరి ఇన్నేళ్ళలో మందెందుకు రాలేదు? ఇక్కడే గోడ కథ మొదలవుతుంది.

1885లో జర్మనీలో పాల్ ఎర్లిఖ్ జంతువుల రక్తంలోకి రంగు ఎక్కించి చూశాడు. ఒళ్ళంతా రంగు పట్టింది కానీ మెదడుకు పట్టలేదు. మెదడుకు ఆ రంగు అంటదేమో అనుకున్నాడు. ఆయన శిష్యుడు గోల్డ్‌మన్ 1913లో అదే పని తిరగేసి చేశాడు. రంగును నేరుగా మెదడు చుట్టూ ఉండే ద్రవంలోకి ఎక్కించాడు. ఈసారి మెదడుకు రంగు పట్టింది, మిగతా ఒంటికి పట్టలేదు. అంటే రక్తానికీ మెదడుకీ మధ్య ఏదో అడ్డు ఉంది. 1967లో ఎలక్ట్రాన్ మైక్రోస్కోపు కింద అది స్పష్టంగా కనబడింది. మెదడులోని సన్నని రక్తనాళాల గోడల్లో కణాలు సందు లేకుండా ఒకదానికొకటి కుట్టేసినట్టు ఉంటాయి. విషాలను ఆపడానికి ప్రకృతి కట్టిన గోడ అది. మంచి మందులను కూడా అదే ఆపేస్తుంది.

ఆ గోడను తగినంతగా దాటి గెలిచిన మందు ఒకటుంది: ఎసైక్లోవిర్. గెర్ట్రూడ్ ఎలియన్ బృందం తయారుచేసింది. ఆమెకు 1988లో నోబెల్ వచ్చింది. హెర్పిస్ వైరస్ మెదడుకెక్కితే, మందు లేకుండా నూటికి 70 మంది దాకా పోయేవాళ్ళు. 1984లో స్వీడన్‌లో, 1986లో అమెరికాలో జరిగిన పరీక్షల తర్వాత ఆ సంఖ్య 20, 30 దగ్గరికి దిగింది. రక్తంలో ఉన్న మందులో సుమారు సగమే మెదడు ద్రవానికి చేరుతుంది. అందుకే మాత్రలతో సరిపెట్టకుండా, పెద్ద మోతాదులో 8 గంటలకొకసారి నరానికి ఎక్కిస్తారు. అయితే ఈ మందు పని చేయాలంటే హెర్పిస్ వైరస్ దగ్గరున్న ఒక ఎంజైము కావాలి. జపనీస్ వైరస్‌కు అది లేదు కాబట్టి దాని మీద ఈ మందు పారదు.

వేరే మందులూ ప్రయత్నించారు. వియత్నాం పిల్లలకు ఇంటర్‌ఫెరాన్ ఇచ్చి చూశారు. లాభం లేదని 2003లో తేలింది. లక్నోలో నోటి ద్వారా రిబావిరిన్ ఇచ్చారు. 2009లో అదీ లాభం లేదని తేలింది. ఇంటర్‌ఫెరాన్ లాంటి పెద్ద ప్రోటీనుకు గోడ దాటడమే కష్టం. పైగా బిడ్డకు స్పృహ తప్పేసరికే లోపల నష్టం చాలావరకు జరిగిపోయి ఉంటుంది.

2007లో ఒక ఆశ కనబడింది. మన బెంగళూరు ఐఐఎస్‌సీలో ఇదే వైరస్ మీద పని చేసిన ప్రీతి కుమార్, బోస్టన్‌లో సహచరులతో కలిసి ఒక ఉపాయం పట్టారు. మెదడుకు దారి తెలిసిన రేబిస్ వైరస్ ప్రోటీన్ నుంచి చిన్న ముక్క, 29 అమైనో ఆమ్లాలంత, తీసుకున్నారు. దానికి జపనీస్ వైరస్‌ను అణచే ఆర్‌ఎన్‌ఏను తగిలించి ఎలుకల రక్తంలోకి ఎక్కించారు. దొంగకు తెలిసిన దారినే పోలీసు వెళ్ళినట్టన్నమాట. ఆ ఎలుకల్లో దాదాపు 80 శాతం బతికాయి. కానీ ఆ ఉపాయం మనుషులకు మందుగా ఇంకా రాలేదు.

ఇంతలో రెండో దారి గెలిచింది. అదే టీకా. టీకా వల్ల పుట్టే రక్షణ రక్తంలోనే కాపు కాసి, వైరస్‌ను గోడ దాకా రానివ్వదు. ప్రభుత్వం 2006లో చైనా టీకాతో పెద్ద ఎత్తున మొదలుపెట్టింది. 1980ల మొదట్లో కోలార్ రోగి నుంచి పుణె వైరాలజీ సంస్థ వేరుచేసి దాచిన వైరస్‌తో హైదరాబాద్ భారత్ బయోటెక్ సొంత టీకా తయారుచేసింది. అదే 2013 అక్టోబరులో విడుదలైన జెన్‌వాక్. కోలార్‌లో పిల్లలను కాటేసిన వైరస్సే హైదరాబాద్‌లో వాళ్ళకు కాపలాదారు అయింది.

అయినా ధీమా వద్దు. 2003లో ఆంధ్రప్రదేశ్‌లో చండీపురా వైరస్ 329 మంది పిల్లలను పట్టుకుని 183 మందిని తీసుకెళ్ళింది. చాలామంది ఆస్పత్రిలో చేరిన 24 గంటల్లోనే పోయారు. దానికి మందూ లేదు, టీకా కూడా లేదు.

కాబట్టి మనం చేయాల్సినవి రెండే. వ్యాధి ఉన్న జిల్లాల్లో ప్రభుత్వం ఈ టీకాను 9 నెలలకు, మళ్ళీ 16 నుంచి 24 నెలల మధ్య ఉచితంగా వేస్తుంది. ఇంటికెళ్ళి పిల్లల టీకా కార్డు తీసి చూడండి. ఊళ్ళో ఉన్న అక్కచెల్లెళ్ళకూ చెప్పండి. రెండోది, జ్వరంతో పాటు ఫిట్స్ వచ్చినా, మాట తేడాగా ఉన్నా, మనిషి మత్తుగా పడిపోతున్నా, తెల్లారేదాకా ఆగకండి, దిష్టి తీస్తూ కూర్చోకండి. అది హెర్పిసే అయితే పనిచేసే మందు ఉంది. కానీ ఎంత త్వరగా ఎక్కిస్తే అంత మేలు. అందుకే పరీక్ష ఫలితం రాకముందే డాక్టర్లు ఎసైక్లోవిర్ మొదలుపెడతారు. మొదట దగ్గరున్న పెద్దాస్పత్రికి వెళ్ళండి. మెదడు, నరాల వ్యాధులకు దేశంలోనే పేరున్న నిమ్హాన్స్ కూడా మన హోసూరు రోడ్డు మీదే ఉంది.

గోడ దాటే మందు కోసం శాస్త్రవేత్తలు నూరేళ్ళకు పైగా తంటాలు పడుతున్నారు. మన పని టైముకు గుమ్మం దాటడమే.