అతుకుల బొంతకు నమూనా ఉంటుందా?

సంకీర్ణ ప్రభుత్వాన్ని ఎద్దేవా చెయ్యాలంటే మన పత్రికలకు వెంటనే గుర్తొచ్చే మాట ‘అతుకుల బొంత’. ఒక పద్ధతీ పాడూ లేకుండా దొరికిందల్లా కలిపి కుట్టేశారని దాని అర్థం. ఆ మాట రాసేవాళ్ళలో ఎంతమంది బొంత కుడుతుంటే పక్కన కూర్చుని చూశారో నాకు అనుమానమే. నేను చూశాను. కానీ మా అక్క అమెరికాలో క్విల్టుల పిచ్చిలో పడేదాకా ఆ చూసింది నాకు గుర్తుకే రాలేదు.

అక్కా బావా ఉండేది ఒహాయోలో. కొన్నేళ్ళ క్రితం వేసవి సెలవుల్లో వాళ్ళు కారేసుకుని ఊళ్ళు పట్టుకు తిరిగారు. చూసింది జలపాతాలూ కాదు, గుళ్ళూ కాదు. బట్టల దుకాణాలు. ‘రో బై రో’ అని అప్పట్లో ఒక ఆట ఉండేదట. 2011లో న్యూయార్క్ రాష్ట్రంలో మొదలై తర్వాత చాలా దూరం పాకింది. ఆటలో చేరిన ప్రతి దుకాణమూ ఆ ఏడాది వేసవికి క్విల్టులో ఒక్క వరసకు సరిపడే నమూనా తయారుచేసేది. స్వయంగా గుమ్మంలో అడుగుపెట్టినవాళ్ళకు ఆ కాగితం ఉచితం. గుడ్డముక్కలన్నీ కత్తిరించి పొట్లం కట్టిన కిట్ కావాలంటే డబ్బు పెట్టి కొనుక్కోవాల్సి వచ్చేది. కనీసం ఎనిమిది దుకాణాల వరసలు కలిపి క్విల్టు పూర్తిచేసి, ఏ దుకాణానికైనా అందరికంటే ముందు తీసుకెళ్ళినవాళ్ళకు బహుమతి. బహుమతి ఏమిటనుకున్నారు? మళ్ళీ గుడ్డముక్కలే!

అక్క దగ్గర ఇప్పుడు పదిహేడు కిట్లున్నాయి. కుట్టింది రెండు. మిగతావి అలమరలో దాచింది. కొని చదవని పుస్తకాల గుట్ట ఉన్నవాణ్ణి, నాకు నవ్వే హక్కు లేదు.

అయితే ఈ కాగితాల వెనక పెద్ద చరిత్రే ఉంది. 1889లో సెయింట్ లూయీ నగరంలో లేడీస్ ఆర్ట్ కంపెనీ మొదలైంది. క్విల్టు నమూనాలకు అంకెలు వేసి, పేర్లు పెట్టి, కేటలాగు అచ్చేసి పోస్టులో అమ్మిన తొలితరం సంస్థల్లో అదొకటి. పల్లెల్లో ఒకరి చేతి నుంచి ఇంకొకరి చేతికి వెళ్ళిన వరసలకు అలా అచ్చులో పేర్లు స్థిరపడ్డాయి. తర్వాత ఇండియానా రాష్ట్రంలో మేరీ వెబ్‌స్టర్ అనే ఆవిడ తన పూల నమూనాలను పత్రికలో వేయించి, 1915లో క్విల్టుల చరిత్ర మీద పుస్తకం రాసి, ఇంటి నుంచే నమూనాలూ కిట్లూ అమ్మింది. మా అక్క అలమరలోని పొట్లాలకు ముత్తవ్వలు ఆ ఇంట్లోవే.

1889 అనగానే కొత్తగూడెం వాడికి ఇంకొకటి గుర్తొస్తుంది. ఎల్లందులో బొగ్గు తవ్వడం మొదలైంది కూడా ఆ ఏడాదే. 1871లో విలియం కింగ్ అక్కడ బొగ్గు ఉందని కనిపెట్టాడు. 1886లో హైదరాబాద్ దక్కన్ కంపెనీ తవ్వకం హక్కులు తీసుకుంది. ఆ కంపెనీయే 1920లో సింగరేణి కాలరీస్ అయింది. ఈ రెండు సంగతులకూ పొంతన ఏమిటంటారా? ఏమీ లేదు. కానీ బొగ్గుకూ బొంతకూ ఉంది. అది అమెరికాలో కాదు, ఇంగ్లండులో.

ఉత్తర ఇంగ్లండులో అలెన్‌హెడ్స్ అని సీసం గనుల ఊరొకటి. పంతొమ్మిదో శతాబ్దం చివర్లో అక్కడ జార్జ్ గార్డినర్ అనే దుకాణదారు క్విల్టు పై బట్ట మీద నీలం పెన్సిలుతో పూలూ తీగలూ గీసి ఇచ్చేవాడు. అతని దగ్గర పని నేర్చుకున్న ఎలిజబెత్ శాండర్సన్ ఆయన కంటే పేరు తెచ్చుకుంది. గీతల మీద సూది నడపడం కొనుక్కున్నవాళ్ళ పని. ఉతికితే నీలం పోతుంది, కుట్టు మిగులుతుంది. కిట్ అనే మాట వాడుకలోకి రాకముందే వచ్చిన కిట్ అన్నమాట.

ఆ పక్కనే డర్హమ్ బొగ్గు గనులు. గనిలో భర్త చనిపోయినా, కాలో చెయ్యో పోయి ఇంట్లో కూర్చున్నా, చాలామంది ఆడవాళ్ళు క్విల్టు క్లబ్బు పెట్టేవారు. కొందరు సభ్యులు చేరి వారం వారం కొద్దిగా కడతారు. వంతు ప్రకారం ఒక్కొక్కరికీ ఒక్కో క్విల్టు అందుతుంది. చదవగానే నవ్వొచ్చింది, ఇది మన చీటీయే కదా! తర్వాత నవ్వు ఆగిపోయింది. క్విల్టు ఆలస్యమైతే వారం డబ్బులు ఆగుతాయి. చలి గదిలో, దీపం వెలుగులో ఆమె కుట్టిన వేగం మీదే ఇంట్లో రొట్టె ఆధారపడి ఉంది. 1928లో, బొగ్గు పరిశ్రమ కుదేలైన రోజుల్లో, అక్కడి గ్రామీణ పరిశ్రమల సంస్థ డర్హమ్, దక్షిణ వేల్స్ గని ప్రాంతాల ఆడవాళ్ళ క్విల్టులను లండన్‌లో అమ్మించే ఏర్పాటు చేసింది. క్లారిజెస్ లాంటి ఖరీదైన హోటలు మంచాల మీదికి గని కార్మికుల భార్యలు కుట్టిన క్విల్టులు చేరాయి.

ఇవన్నీ చదివాక సహజంగానే నాకొక ఆశ పుట్టింది. సింగరేణి బెల్టులో కూడా ఇలాంటిదేదో ఉండకపోతుందా? గత ఏడాది మే నెలలో (ఆ నెలలో మా వైపు తిరగాలనుకోవడమే తెలివితక్కువ పని) బండేసుకుని బయల్దేరాను. కొత్తగూడెం, ఎల్లందు, మహబూబాబాద్, వరంగల్, పెద్దపల్లి, చివరికి గోదావరిఖని. అక్కలాగే దుకాణాలు పట్టుకు తిరిగాను.

“బొంత కుట్టుకోడానికి డిజైన్లేమన్నా దొరుకుతాయా అన్నా?”

“బొంతకు డిజైనేంది సార్? బ్లాంకెట్లు చూపియ్యమంటరా?”

అన్నిచోట్లా కాస్త అటూ ఇటుగా ఇదే జవాబు. ఎల్లందులో ఒకతను మాత్రం లంబాడీ కుట్టు పట్టీలు చూపించాడు, అద్దాలూ రంగు దారాలూ ఉన్నవి. ఎక్కడివని అడిగితే హోల్‌సేల్‌లో వస్తాయన్నాడు. ఊరి చుట్టూ తండాలే. ఏళ్ళ తరబడి కూర్చుని తమ ఫేటియాలూ కాంచళీలూ తామే కుట్టుకున్న ఆడవాళ్ళ మనవరాళ్ళు ఇప్పుడు ఆ పట్టీలు మీటరు లెక్కన కొనుక్కుంటున్నారు. ఎండలో కళ్ళు పోగొట్టుకోకుండా బతుకుతుంటే నేనెవర్ని బాధపడటానికి?

గోదావరిఖనిలో, స్నేహితుడి ఇంటి పక్కన ఒక ముసలామె బొంతలు కుట్టేదని తెలిసి వెళ్ళాను. ఇప్పుడు కుట్టడం లేదు, చూపు ఆనదు. నమూనా సంగతి అడిగితే ఆమెకు నా ప్రశ్నే అర్థం కాలేదు. తిప్పి తిప్పి అడిగితే అంది: “మీ ఇంట్ల ఎవరి చీరలుంటే అదే నమూనా బిడ్డా.”

పని పద్ధతి మాత్రం వివరంగా చెప్పింది. ఉతికిన బట్టలు చక్కగా ఎండుతాయి కాబట్టి ఎండాకాలమే దీనికి కాలం. నేల మీద పాత చీర పరిచి, నాలుగు మూలలా రోలో రాయో బరువు పెట్టాలి. ఒంటికి తగిలే వైపు బాగా నలిగి మెత్తబడ్డ చీర, పైకి కాస్త గట్టిది. మధ్యలో చిరిగిన పంచెలు, లుంగీలు, దుప్పట్లు. ఒక దాని చిరుగు మీద ఇంకోదాని చిరుగు రాకూడదు, వస్తే అక్కడ పల్చబడుతుంది. అంచులు ముందు కుట్టేసి, తర్వాత వేలెడు ఎడంతో ఒక్కొక్క వరస. ముడత పడితే ఆ వరసంతా విప్పాల్సిందే. పురిటి బిడ్డకైతే అన్నిటికంటే పాత నూలు చీర.

పద్ధతీ పాడూ లేదన్నది ఎవరు?

మరి ఎందుకు ఆగిపోయిందంటే, ఆమె బ్లాంకెట్లను తప్పుపట్టలేదు. సిల్కు చీరలొచ్చినంక బొంత చెడిపోయిందంది. ఆమె సిల్కు అన్నది పాలియెస్టర్‌ని. అది నలగదు, మెత్తబడదు, చెమట పీల్చదు, పొరలు ఒకదాని మీద ఒకటి జారతాయి. కట్టీ కట్టీ మెత్తబడ్డ నూలు చీర ఇళ్ళలో దొరక్కుండా పోయాక బొంతకు ముడిసరుకు లేదు. దాన్ని ఏ దుకాణమూ కిట్‌గా కట్టివ్వలేదు. ఇరవయ్యేళ్ళు ఒకరు కట్టాలి కదా.

బెంగాల్లో కాంథాలకు ఈ గతి పట్టలేదు. ఆ మాటా, మన నిఘంటువుల్లో బొంతకు అర్థంగా కనిపించే ‘కంథ’ అనే సంస్కృత పదమూ ఒకటే. జసీముద్దీన్ 1929లో కాంథా పేరు మీదే ఒక కావ్యం రాశాడు. గురుసదయ్ దత్ అనే ఐసీఎస్ అధికారి పల్లెలు తిరిగి సేకరించిన కాంథాలు ఇప్పుడు కోల్‌కతా పక్కన మ్యూజియంలో ఉన్నాయి. వాటి మీద ఏనుగులూ తామరలూ రథాలూ ఉన్నాయి కాబట్టి చూసేవాళ్ళకు కళ అని తోచింది. మన బొంత మీద బొమ్మల్లేవు. కుట్టు వరసలూ, మనుషుల వరసలూ తప్ప. ఇది మా చిన్నత్త చీర, ఇది పెద్ద మేనమామ లుంగీ అని చెప్పేవాళ్ళు పోతే ఆ బొంతను చదవడం ఎవరికీ రాదు.

అలాంటివి రెండు నా చేతుల మీదుగానే పోయాయి. నాన్న రిటైరై క్వార్టర్ ఖాళీ చేసినప్పుడు సామాన్లు ఆటోలోకి ఎక్కించింది నేనే. చోటు చాలలేదు. మూడు బొంతల్లో రెండు వరండాలో వదిలేశాను. కొత్త ఇంటికి కొత్త దుప్పట్లు కొన్నాం కదా అనుకున్నాను. నాయనమ్మ అప్పటికి లేదు. ఉంటే ఏమనేదో తెలుసు కాబట్టి ఆ సంగతి పొడిగించను.

మిగిలిన బొంత నమూనా పంపమని అక్క ఈ మధ్య అడిగింది. ఎనిమిది దుకాణాల వరసలు కలిపి కుట్టేకంటే నాయనమ్మది కుడతానంది. గ్రాఫ్ పేపరూ స్కేలూ పెట్టుకుని బొంత పరిచాను. గీస్తుంటే ఒక మూల చిరుగులోంచి లోపలి పొర కనిపించింది. అది విడి బట్ట కాదు. దాని మీదా కుట్లున్నాయి, ఇంకా దగ్గర దగ్గరగా. పాత బొంత మీదే ఈ బొంత కుట్టారు.

అమ్మను పిలిచి చూపించాను. కళ్ళజోడు తెచ్చుకుని, వేలితో తడిమి, చాలాసేపు చూసింది. నీలం గళ్ళ బట్ట.

“ఇది మీ నాయనమ్మ కుట్టు కాదురా. ఆమె అత్తది. వాళ్ళు ఎల్లందు నుంచి ఇక్కడి గనులకు వచ్చినప్పుడు నెత్తిన పెట్టుకొచ్చిన బొంత అని చెప్పేది. చినిగిపోయింది, పారేసినమనుకున్న.”

అక్కకు ఫోటో పంపాను. లోపలిది ఎన్ని వరసలుందో లెక్కపెట్టమంది. లెక్కపెట్టాలంటే పైదాన్ని విప్పాలి. కత్తెర తెచ్చాను గానీ అమ్మ దాన్ని తీసి పక్కన పెట్టేసింది.